పిల్లల వరుసలు - పెద్దల బాధ్యత

మా తరగతిలో ఆడపిల్లలు ఎడమవైపు, మగపిల్లలు కుడివైపు కూర్చుంటారు. ప్రాథమిక పాఠశాలలో వేసిన వరుసలే డిగ్రీదాకా వచ్చాయి. ఒకనాడు, "ఎవరికి ఇష్టమైనచోట వారు కూర్చోండి" అన్నాను. ఒక్కరూ కదలలేదు. ఇది వారి స్వేచ్ఛానిర్ణయమేనని తృప్తిపడి పాఠం మొదలుపెట్టాను. ఆ తృప్తి ఎంతవరకు న్యాయమైనదన్నదే ఇప్పుడు నా ప్రశ్న.

అమెరికన్ అర్థశాస్త్రవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ఒక నమూనాను వివరించాడు. నగరాలలో తెల్లవారు, నల్లవారు వేర్వేరు పేటలుగా విడిపోవడం అందులోని విషయం. చదరంగపు బల్లమీద రెండురకాల నాణేలను కలగలిపి, అక్కడక్కడ గళ్ళు ఖాళీగా వదిలి, పరచామనుకోండి. ఇరుగుపొరుగులో మూడోవంతైనా తన రకంవారుంటే నాణెం తృప్తిపడుతుంది. లేకుంటే మరో ఖాళీ గడికి తరలుతుంది. ఒక్కొక్కటి కోరేది స్వల్పమే. కాని చివరకు బల్ల శిబిరాలుగా చీలిపోతుంది.

ఈ పద్ధతినే కంప్యూటరుపై పిల్లల ఆటస్థలానికీ వర్తింపజేస్తున్నారు. నిజమైన పిల్లలలో చీలిక ఎంత గాఢమో ఎలినార్ మకోబీ, కరోల్ జాక్లిన్ 1987లో చూపారు. నాలుగున్నరేళ్ళ వయసులో ఆడపిల్లలు ఆడపిల్లలతోను, మగపిల్లలు మగపిల్లలతోను గడిపే కాలం, కలిసి గడిపే కాలానికి దాదాపు 3 రెట్లు; ఆరున్నరేళ్ళకు 11 రెట్లు. తెరమీద చుక్కలు కూడా ఇలాగే చీలగానే, "చూశారా, ఇది ప్రకృతిసిద్ధం" అనేవారు బయలుదేరుతారు.

ఈ వాదం నిలవదు. స్వల్పమైన మొగ్గు చాలునని నమూనా చెబుతుందే గాని, అదే అసలు కారణమని చెప్పదు. పైగా, చీలిక పెద్దదైనంత మాత్రాన దాని వెనుక అంత పెద్ద స్వభావభేదం ఉండనక్కరలేదని కూడా అదే రుజువు చేస్తున్నది. ఆ మొగ్గు ఎక్కడినుంచి వచ్చిందో చుక్క చెప్పదు. హాజరుపట్టీని రెండుగా రాసినవాడు, ఒకరికి చీపురూ మరొకరికి బంతీ అందించినవాడు ఆ తెరమీద కనపడడు. షెల్లింగ్ సంఘటిత చర్యలనూ ఆర్థిక కారణాలనూ తెలిసే పక్కన పెట్టాడు. మనం వాటిని మరచిపోతున్నాం.

ఐనా ఆ బల్ల నాకొక పాఠం నేర్పింది. చీలిక పూర్తయిన తరువాత ప్రతి నాణెమూ తన మొగ్గును పూర్తిగా వదులుకున్నదనుకుందాం. అప్పుడేమవుతుంది? ఏమీ కాదు. ఎవరికీ అసంతృప్తి లేదు గనుక ఎవరూ కదలరు. మనసులు మారినా గోడ నిలిచే ఉంటుంది. నా విద్యార్థులు ఆనాడు కదలకపోవడం స్వేచ్ఛకు సాక్ష్యం కాదన్నమాట.

మరి మనం కలిపి కూర్చోబెట్టడం బలవంతం కాదా అని మిత్రులు అడగవచ్చు. కాలిఫోర్నియా, మిచిగన్ బడులను పరిశీలించి బారీ థోర్న్ 1993లో ప్రచురించిన గ్రంథంలో దీనికి సమాధానం దొరుకుతుంది. తనంతట తాను అవతలి గుంపులోకి వెళ్ళిన పిల్లవాణ్ణి తోటివారు ఎగతాళి చేస్తారు. పెద్దలే కలిపినప్పుడు ఆ భారం పిల్లలమీద పడదు. ఇక మన ఊళ్ళలో ఆడపిల్ల విషయం ఎగతాళితో ఆగదు. మాట ఇంటిదాకా పోతుంది, చదువే ఆగిపోవచ్చు. "మాస్టారు కూర్చోమన్నారు" అన్న ఒక్క మాట ఆమెకు రక్షణ. అటువంటి పిల్లతో "నీ ఇష్టం" అనడం స్వేచ్ఛనివ్వడం కాదు, మన బాధ్యతను ఆమె నెత్తిన వేయడం.

ఈ వరుసలను వేసినవాళ్ళం మనమే. కనుక రేపటినుంచి నా హాజరుపట్టీ అక్షరక్రమంలో ఒక్కటిగానే ఉంటుంది. కూర్చునే క్రమం కూడా అదే.