ఇచ్చేసిన వెండి మాటేమిటి?

రెండవ రాజుల దినచర్య గ్రంథం 25వ అధ్యాయాన్ని, రాజుగారి సైన్యం లెక్కలే గదా అని మనలో చాలామంది దాటేస్తాం. యూదా రాజు అమస్యా ఎదోముపై యుద్ధానికి ప్రజలను కుటుంబాలవారీగా సమకూర్చాడు. వేయిమందికొకరిని, నూరుమందికొకరిని అధిపతులుగా నియమించాడు. ఇరవై ఏళ్లు, ఆపైబడినవారిని లెక్కిస్తే 3 లక్షలు తేలారు. అది చాలక, వంద తలాంతుల వెండి ఇచ్చి యిస్రాయేలు నుండి మరో లక్షమందిని కుదుర్చుకున్నాడు.

లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. పదివేలమందితో ఇరవైవేలమందిని ఎదిరించగలనా అని ముందే ఆలోచించుకునే రాజును ప్రభువే లూకా 14లో ఉదాహరణగా చూపారు. దైవజనుడు అడ్డుపడింది కిరాయి లక్ష దగ్గరే. ప్రభువు వారికి తోడుగా లేడు, వారిని తీసుకుపోవద్దన్నాడు. రాజుకు వెంటనే సొమ్ము గుర్తుకొచ్చింది. మరి ఇచ్చేసిన వెండి సంగతేమిటని అడిగాడు. ప్రభువు అంతకంటె ఎక్కువే ఇవ్వగలడని జవాబు వచ్చింది. వెండి తిరిగి వస్తుందని మాత్రం ఆయన చెప్పలేదు.

పెనుమూడిలో కోతల ముఠాకు అడ్వాన్సు ఇచ్చి, తర్వాత వద్దనుకున్న రైతుకు ఈ బాధ తెలుసు. ఇంకా పెద్ద బాధ పెళ్లిళ్ల దగ్గర. పిల్లవాడు తాగుబోతని నిశ్చితార్థం అయ్యాక తెలుస్తుంది. "కట్నం సగం ఇచ్చేశాం ఫాదర్, ఇప్పుడెలా ఆగుతాం?" అంటారు. (కట్నమే నేరమని 1961 నుండి చట్టం ఉంది, అది వేరే సంగతి.) పోయిన డబ్బు పెళ్లి చేసినా పోయినట్టే. దాన్ని దక్కించుకోవడానికి పిల్లను కూడా పంపడం ఏ లెక్క?

అమస్యా వారిని వెనక్కి పంపాడు, గెలిచాడు. కథ అక్కడ ఆగితే నాకూ సుఖంగా ఉండేది. తలాంతు సుమారు 34 కిలోలు. అంటే తలకు మూడు తులాల వెండి కూడా పడదు. వాళ్లు అసలు ఆశించింది దోపిడి సొమ్మేనని నా ఊహ. అది చేజారిన కోపంతో యూదా పట్టణాలపై పడి 3,000 మందిని చంపారు. ఆ బేరంతో ఆ చనిపోయినవారికేమి సంబంధం? గ్రంథం చెప్పదు. వెనక్కి పంపడం తప్పని నేననను, కుదుర్చుకోవడమే తప్పు. కాని కోపంతో పోతున్న లక్షమంది దారిలో ఉన్న పట్టణాలకు రాజు కాపలా పెట్టినట్టు కూడా ఎక్కడా లేదు.

పెళ్లి ఆగిన ఇంట్లో ఆ కోపం తరచు చెల్లెలి సంబంధాల మీదికి వస్తుంది. వీధిలో మాటలు మొదలవుతాయి. అప్పుడు ఆ తండ్రి పక్కన నిలబడవలసింది ఇరుగుపొరుగు విశ్వాసులే, విచారణ గురువే.