కప్పు వద్దన్న స్వామి: రావివలస ఎండల మల్లన్న

వీడియోలో రావివలస గురించి రెండు నిమిషాలే మాట్లాడగలిగాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నా.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దాటి కొద్ది దూరం వెళ్తే రావివలస. చిన్న పల్లె. అక్కడి శివుడికి నెత్తిన కప్పు లేదు. తలెత్తి చూడాల్సినంత పెద్ద లింగం, నేరుగా ఆకాశం కింద. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటాడు కాబట్టి ఎండల మల్లికార్జునుడు. మా వైపు అందరికీ ఎండల మల్లన్న. కార్తీక సోమవారాల్లో ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. మిగతా రోజుల్లో ఆ గుడి చుట్టుపక్కల పల్లెలదే.

స్థలపురాణం ఇదీ. రావణ సంహారం అయ్యాక రాముడు తిరిగి వెళ్తూ ఈ ప్రాంతానికి వచ్చాడట. జనం ఏవో అంతుచిక్కని రోగాలతో అల్లాడుతున్నారు. కూడా ఉన్న సుషేణుడు అది చూశాడు. యుద్ధంలో లక్ష్మణుడు పడిపోతే ఫలానా మూలికలు తెమ్మని హనుమంతుడికి చెప్పిన వైద్యుడు ఆయనే. "నేను ఇక్కడే ఉండిపోతాను, వీళ్ల కోసం శివుడి గురించి తపస్సు చేస్తాను" అన్నాడు. కొంతకాలానికి రాముడు హనుమంతుణ్ణి పంపి చూసి రమ్మంటే, సుషేణుడు అప్పటికే దేహం వదిలేశాడు. హనుమంతుడు ఆ దేహాన్ని పూడ్చి, మల్లెపూలు పెట్టి, పైన జింకచర్మం కప్పాడు. తర్వాత రాముడు వచ్చి చర్మం తీస్తే కింద శివలింగం! మల్లికలు, అజినం అంటే చర్మం, కలిపి మల్లికాజినుడు. జనం నోట్లో మల్లికార్జునుడయ్యాడు.

ఈ ఘట్టం వాల్మీకంలో లేదు, ఊరు చెప్పుకునే కథ. కానీ ఒక్కసారి ఆలోచించండి. యుద్ధం గెలిచారు. ముందు అయోధ్య, పట్టాభిషేకం ఉన్నాయి. ఆ సంబరం వదులుకుని, పేరు కూడా తెలియని ఊళ్లో రోగుల దగ్గర ఆగిపోయాడు ఒక డాక్టరు. (ప్రాజెక్ట్ గో-లైవ్ అయ్యాక అందరూ పార్టీకి వెళ్తే సపోర్ట్‌కి ఒక్కడు మిగిలిపోతాడు చూడండి, ఆ ఒక్కడి గురించి ఎవరూ పురాణం రాయరు.) శ్రీరుద్రం శివుణ్ణి మొట్టమొదటి వైద్యుడంటుంది. రావివలసలో వైద్యుడే శివుడయ్యాడు.

తర్వాతి కాలంలో జమీందార్లు స్వామికి గుడి కట్టించబోయారని, అది నిలవలేదని చెప్తారు. నాకు కప్పు వద్దు, నా మీంచి వీచే గాలి ఎంత దూరం పోతే అంత దూరం జనం చల్లగా ఉంటారని స్వామి పలికాడట. అంటే ఈ గుడికి గోడ ఎక్కడుందో తెలీదు. గాలి ఎంతవరకు వెళ్తే అంతవరకూ ఆయన ఊరే.

ఇక్కడే నాకు గొంతు పట్టేస్తుంది. మాది ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు నుంచి కవిటి, ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడి తోటలు, పక్కనే సముద్రం. చూస్తే కోనసీమే అనిపిస్తుంది. ఆ తోటల మధ్యే దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎందుకో పరిశోధకులు ఇంకా ఒక మాట మీదకి రాలేదు. 2018 అక్టోబర్ 11న, నవరాత్రుల రెండో రోజు, తిత్లీ తుపాను గాలికి కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి. మా మావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. నేను ఈ కథ చెప్తే నవ్వి, "మరా గాలి మనకాడికి రానేదేట్రా?" అన్నాడు.

ఆ ప్రశ్నని కర్మ అనే మాటతో మూసేయడం నాకు ఇష్టం లేదు. కష్టంలో ఉన్నవాడికి కర్మ సిద్ధాంతం చెప్పడమంత సులువైన పని ఇంకోటి లేదు. కథని మళ్లీ చదివితే, స్వామి ఉంటే రోగం రాదని అందులో ఎక్కడా లేదు. రోగం ముందే వచ్చి ఉంది. వచ్చాక ఒకడు వెళ్లిపోలేదు, అంతే. అందుకే డయాలసిస్ గదిలో రాత్రి షిఫ్టు నర్సమ్మ మిషన్ దగ్గర నిలబడితే నాకు సుషేణుడే గుర్తొస్తాడు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. వీటిని గుడి లెక్కలోంచి తీసేయడం నా వల్ల కాదు. మావయ్యకి ఇదే చెప్పాను. "అయితే నువ్వు హైదరాబాదులో ఏటి చేస్తన్నావు?" అన్నాడు. ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి: టెక్కలి జాతీయ రహదారి మీదే ఉంది, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయి. దయచేసి రద్దీ రోజే ఎంచుకోకండి. 2025 నవంబర్ 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ వేంకటేశ్వరాలయం తొక్కిసలాటలో పోయిన ప్రాణాలు మా ప్రాంతం ఇంకా మర్చిపోలేదు. మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లండి. మధ్యాహ్నమైతే కాళ్లు కాలతాయి, పొద్దున్నే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు టైముంటే పలాస వైపు కూడా రండి, మావాళ్లు ఎవరున్నా పలకరిస్తారు.