ఫలము నందధికార మెవ్వరిది?

సికింద్రాబాదు జింఖానా మైదానమున ప్రాతఃకాలమున క్రికెట్ అభ్యసించు బాలుడు, బంతిని కొట్టిన మరుక్షణమే, అది పోయిన దిక్కును గాక, వల వెలుపల నిలిచిన తండ్రి ముఖమును చూచుట కద్దు. ఆ చూపులో క్రీడానంద మంతరించి, తీర్పునకై వేచియుండు భయమొక్కటియే మిగులును. కర్మ నాచరించువానికే ఫలముపై అధికారము లేదని గీత బోధించుచుండగా, ఆచరింపని తండ్రికి అది యెట్లు సిద్ధించును?

అట్లని తల్లిదండ్రులు ఉదాసీనులు కావలెనని కాదు. 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన వాలీబాల్ జట్టులోని పి.వి. రమణగారును, వాలీబాల్ క్రీడాకారిణియే యైన ఆయన సతీమణి విజయగారును, కుమార్తె సింధు బ్యాడ్మింటన్‌ను వరించినపుడు తమ ఆటను ఆమెపై రుద్దక, సికింద్రాబాదు రైల్వే కోర్టులలో మెహబూబ్ అలీగారిచే తొలిపాఠములు చెప్పించిరి. పిదప మారేడుపల్లినుండి గచ్చిబౌలి అకాడమీకి వేకువనే చేర్చుచు కఠిన నియమమును పాటింపజేసిరి. 2016 రియో రజతమును, 2019 ప్రపంచ విజేతృత్వమును ఆమె తానై వరించిన ఆ స్వధర్మమున ఫలించినవే.

బిడ్డనుండి ప్రయత్నమును కోరుట ధర్మము. విజయమును కోరుట లోభము. ఓడిననాడు వాత్సల్యము సన్నగిలినచో, తాము ప్రేమించినది బిడ్డను గాదనియు, బిడ్డ తేగల పతకమును మాత్రమే యనియు తల్లిదండ్రు లెరుగవలెను.