పానా పట్టే చెయ్యి

మా బడి ముందు బోరింగు దగ్గర శిలాఫలకం ఉంది. ప్రారంభించినవారి పేరు దాని మీద చెక్కారు. బాగుచేసినవారి పేరు ఎక్కడా లేదు.

ఒక వానాకాలం అది పాడయింది. పిల్లలు గెడ్డ నీళ్లు తాగి విరేచనాలతో పడకేశారు. మేం అర్జీలు రాస్తూ కూర్చున్నాం. చివరికి మెకానిక్ వచ్చాడు, ఊరివాళ్లంతా కలిసి పైపులు పైకి లాగారు. ఇండియా మార్క్-2 బోరింగులో నీటిని పైకెత్తేవి సిలిండర్‌లోని వాషర్లు. అరిగింది అవే. పైన చైనుకు గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో మాకే తెలియదు.

అంతకుముందు ఏడాదే పదో తరగతి పాసైన ఒక పిల్ల, ఐటిఐలో రెండేళ్ల ఫిట్టర్ కోర్సు చేస్తానంది. "ఇంత చదివి పానా పడతావా అమ్మా?" అన్నది మేమే. ఏటా కప్పు నేసుకోవడం, కలిసి కాలువ పూడిక తీయడం మన పెద్దలకు ఎన్నడూ చిన్నపని కాలేదు. మరి మాకెందుకయింది? సుద్దముక్క పట్టిన చెయ్యే గొప్పదని మేం ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టాం?

ఒక మాట దాచకూడదు. ఈ పనిలో చాలామందికి కాంట్రాక్టు బతుకే. గౌరవం గురించి పాఠం చెప్పి, జీతం గురించి అడగకుండా పిల్లల్ని పంపడమూ తప్పే. కానీ ఆ రోజు మేం జీతం లెక్క చూడలేదు, చేతికంటే మసి చూశాం.

ఆ పిల్ల మా మాట విని కోర్సు మానేసింది. బోరింగు పాడైతే ఇప్పటికీ మండల కేంద్రం నుంచే మనిషి రావాలి.