నిశ్శబ్దమైన కళాశాల చాలునా?

నేడు అనేక తెలుగు క్రైస్తవ గృహములనుండి పిల్లలు అమెరికా దేశపు కళాశాలలకు వెళ్లుచున్నారు. ఏ కోర్సు, ఎంత ఫీజు, ఏ పట్టణము అను మాటలు తీరిన తరువాత తల్లి నెమ్మదిగా మరియొక ప్రశ్న అడుగును: "త్రాగుళ్లు, రాత్రి విందులు లేని కాలేజీ ఏదైన ఉన్నదా?" లోకము చూచిన బంధువొకడు దానికి నవ్వి, "శోధనయే లేని చోట నిలుచుట ఏమి గొప్ప? గూటిలోని దీపము గాలికి ఆరలేదని మెచ్చుకొందుమా?" అనును. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజము?

మొదట అక్కడి సంగతి తెలిసికొందము. 21 ఏండ్లు నిండనివారికి మద్యము కొనుటకు అనుమతించు రాష్ట్రములకు రహదారుల సొమ్ములో కొంత తగ్గింతుమని ఆ దేశ ప్రభుత్వము 1984లో చట్టము చేసెను. 1988 నాటికి రాష్ట్రములన్నియు దానికి లోబడెను. అయితే కళాశాలలో క్రొత్తగా చేరువారిలో అనేకులు 18 ఏండ్లవారే. కావున వారి త్రాగుడు చాలవరకు మూసిన తలుపుల వెనుక, పెద్దల కన్ను పడని గదులలో జరుగును. మొదటి సంవత్సరములో మొదటి ఆరు వారములు మిక్కిలి అపాయకరమైనవని అక్కడి ఆరోగ్య శాఖవారు హెచ్చరించుచున్నారు. కారణము ఊహింప కష్టము కాదు. ఆ దినములలో పిల్లవానికి ఎవరును తెలియరు. ఎవరు మొదట పేరు పెట్టి పిలుతురో వారి వెంట పోవును. పెద్ద శబ్దము చేయువారే తరచుగా మొదట పిలుతురు.

కావున తల్లి భయము అర్థము లేనిది కాదు. శోధనలోనికి తేవద్దని ప్రతిదినము ప్రార్థించుచు, దాని గుమ్మము ప్రక్కనే గది వెదకుట యుక్తమా? రైతు నారును మొదట మడిలో పెంచును. పశువులు పడకుండ కంప వేయును. అతనిని ఎవరును పిరికివాడనరు. అట్టి మడులు అక్కడ కలవు. ఇల్లినాయ్ రాష్ట్రములో 1860లో స్థాపింపబడిన వీటన్ కళాశాలలో డిగ్రీ విద్యార్థులు మద్యము ముట్టమని ఒడంబడిక చేయుదురు. అట్టి నియమము లేని పెద్ద విశ్వవిద్యాలయములలో సైతము, అనేక చోట్ల, మద్యమును మత్తు పదార్థములను గదికి తేమని మాట యిచ్చినవారికి వేరుగా నివాసములు కలవు. హాస్టలు దరఖాస్తు నింపునప్పుడే వాటిని కోరుకొనవచ్చును.

దానియేలు తన పట్టణమును ఎన్నుకొనలేదు. చెరపట్టబడి బబులోనుకు కొనిపోబడి, రాజు నియమించిన మూడు సంవత్సరముల చదువులో చేర్చబడెను. పట్టణము అతని చేతిలో లేదు గాని భోజనపు బల్ల అతని చేతిలో ఉండెను. రాజు ద్రాక్షారసమును విడిచి, శాకధాన్యములును నీళ్లును పది దినములు ఇచ్చి చూడుమని వినయముగా అడిగెను. అతడు ఒంటరిగా నిలువలేదని మరువకుడి. ముగ్గురు స్నేహితులు అతనితో కూర్చుండిరి. బబులోనులో సైతము నలుగురు కూర్చుండు బల్ల యొకటి దొరికినయెడల బ్రదుకవచ్చును.

అయితే నిశ్శబ్దమే రక్షణయని తలంచువారు ప్రభువు చెప్పిన ఊడ్చిన యింటి ఉపమానమును జ్ఞాపకము చేసికొనవలెను. దయ్యము పోయెను, ఇల్లు శుభ్రమాయెను, అమర్చబడెను. కాని ఎవరును అందులో కాపురము చేయలేదు. ఆ ఖాళీయే మరి ఏడు దయ్యములకు పిలుపాయెను. శుక్రవారము సాయంకాలము విద్యార్థులందరు ఇండ్లకు పోగా ఎడారివలె నిలుచు కళాశాలలు కలవు. అక్కడ విందు లేదు, త్రాగుడు లేదు, స్నేహితుడును లేడు. అట్టి చోట దూరదేశపు పిల్లవాడు తలుపు వేసికొని, తెల్లవారువరకు చేతిలోని ఫోను వెలుగులో కూర్చుండును. అదియు ఒక మత్తే. దానికి వాసన లేదు గనుక తల్లికి తెలియదు.

కావున తలిదండ్రులారా, "అక్కడ ఏమి లేదు?" అని అడిగి ఊరకుండకుడి, "అక్కడ ఏమి కలదు?" అనియు అడుగుడి. శనివారము రాత్రి విద్యార్థులు ఎక్కడ ఉందురు? గ్రంథాలయము ఎంతసేపు తెరచియుండును? నడిచి పోగల దూరములో ఆరాధన కలదా? కలిసి వంట చేసికొని, కలిసి ప్రార్థించు నలుగురు కలరా? మొదటి ఆరు వారములలో మీ బిడ్డను ముందుగా పేరు పెట్టి పిలుచువారు ఎవరు?

మరియొక అపాయము కలదు. నెమ్మదిగల గదిలోనివాడు పరిసయ్యుడు కాగలడు. అర్ధరాత్రి ప్రక్కగదివాడు అధికముగా త్రాగి తెలివి తప్పి పడియుండగా, "నాకేల?" అని దీపమార్పి పండుకొనిన వానిని ప్రభువు ఏమనును? "నిద్రపోయిన సరియగును" అని అట్టివానిని విడిచిపోరాదు. ఊపిరి ఆగి చనిపోవచ్చును. ప్రక్కకు త్రిప్పి పండబెట్టి, వెంటనే సహాయమునకు ఫోను చేసి, దగ్గరనే కూర్చుండవలెను. అట్లు పిలిచినవానిని త్రాగుడు నేరమునకు శిక్షింపరాదను చట్టములు ఆ దేశపు అనేక రాష్ట్రములలో కలవు. మంచి సమరయుని పేరే వాటికి పెట్టుట వాడుక. ఆ రాత్రి తెలివితో మేలుకొనియున్నవాడే యెరికో త్రోవను నడచువాడు. విందుకు పోకుండుటవలన అతనికి మిగిలిన తెలివి, బలము, సమయము ఇట్టి ఘడియ కొరకే.

బంధువు వేసిన ప్రశ్నకు ఇందులోనే ఉత్తరమున్నది. గూటిలో దీపము నుంచుట దానిని దాచుటకు కాదు. చీకటిలో ఒకడు దారి తప్పినప్పుడు చేతపట్టుకొని పోవుటకు ఆరని దీపము కావలెను. నారు మడిలోనే విడువబడిన పైరు సరిగా గింజ పట్టదు. నాటు దినము వచ్చును. అప్పుడు కంప ఉండదు.

కావున యౌవనస్థుడా, నెమ్మదిగల చోటును సిగ్గుపడక కోరుకొనుము. కోరుకొనిన పిమ్మట దానిని ఖాళీగా ఉంచకుము. చదువుతోను, స్నేహముతోను, ప్రార్థనతోను నింపుము. నీ తలుపు విందుకు మూసియుండవచ్చును. పడిపోయినవాడు తట్టినప్పుడు మాత్రము అది తెరువబడును గాక.