తొలి వాక్యం – తుది తీర్పు

గ్రంథారంభం విషయంలో మన పూర్వులు చూపిన శ్రద్ధ అసామాన్యమైనది. మహాకావ్యం ఆశీర్వచనంతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో ప్రారంభం కావాలని ఆలంకారికులు విధించారు. నన్నయభట్టు ఆంధ్ర మహాభారతాన్ని త్రిమూర్తులను స్తుతించే సంస్కృత శ్లోకంతో ఆరంభించాడు. ఏ పనినైనా మొదలుపెట్టడాన్ని నేటికీ ‘శ్రీకారం చుట్టడం’ అంటున్నాము. పంతొమ్మిదవ శతాబ్దంలో నవల మన భాషలలో ప్రవేశించిన పిదప మంగళాచరణం క్రమంగా వెనుకబడి, ఆ స్థానాన్ని తొలి వాక్యం ఆక్రమించింది. దైవాన్ని ఉద్దేశించి పలికే మాట పోయి, పాఠకుణ్ణి లోనికి ఆహ్వానించే మాట వచ్చింది.

ఆ ఆహ్వానాన్ని మనం ఎట్లా స్వీకరిస్తున్నాము? తొలి వాక్యం వినగానే తుది వాక్యాన్ని ఊహించుకొని, పాత్రలపై తీర్పు చెప్పడం ఉచితమేనా? ప్రత్యేకించి ఒకే విశ్వాసం గలవారు కూడి చదువుకొనేటప్పుడు, ఆ విశ్వాసం కథలోని మనుష్యులను చూపించే దీపమవుతుందా, లేక వారికీ మనకూ నడుమ తెర అవుతుందా? ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉన్న కాలంలో ఈ ప్రశ్న నాకు ఎదురైంది.

అక్కడ స్థిరపడిన కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలవారు అప్పుడప్పుడు ఆదివారం సాయంకాలం ఒక ఇంట సమావేశమయ్యేవారు. ఒక్కొక్కరు తమకు ప్రియమైన నవల ప్రారంభాన్ని చదివి వినిపించడం, తక్కినవారు దానిని గురించి ముచ్చటించడం వారి అలవాటు. యోహాను సువార్త వాక్కు ప్రస్తావనతోనే మొదలవుతుంది గనుక తొలి మాటపై వారికి మమకారం ఉండటం సహజమే. నేను ఆ మతస్థుణ్ణి కాను. అయినప్పటికీ సహోద్యోగి ఒకరు ఆదరంతో తీసుకొనిపోగా, వారు నన్ను పరాయివానిగా చూడలేదు.

చరిత్ర విద్యార్థిగా నాకు ఆ గోష్ఠి ఆ నగరానికి ఎంతో తగినదిగా తోచింది. హుగ్లీ తీరాన ఉన్న శ్రీరాంపూర్‌లో 1800లో మిషన్ ముద్రణాలయం వెలసింది. తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయింది. 1852లో కలకత్తా నుండి ‘ఫూల్‌మణి ఓ కరుణార్ బిబరణ్’ అనే బెంగాలీ కథాగ్రంథం వెలువడింది. దానిని రచించిన హానా క్యాథరిన్ మలెన్స్ 1826లో ఆ నగరంలోనే జన్మించిన మిషనరీ కుమార్తె. ప్యారీచాంద్ మిత్ర ‘ఆలాలేర్ ఘరేర్ దులాల్’ గ్రంథరూపం ధరించింది 1858లో గనుక, మలెన్స్ గ్రంథమే తొలి బెంగాలీ నవల అని వాదించేవారున్నారు. ఆంగ్ల కథను ఆధారం చేసుకొన్నది కావున ఆ గౌరవం దానికి చెల్లదనే వారూ ఉన్నారు. మన ప్రశ్నకు సంబంధించిన విషయం వేరు. ఈ గ్రంథం దేశీయ క్రైస్తవ స్త్రీల కోసం ఉద్దేశించినది. అనగా రచయిత్రి తన విశ్వాసాన్నే పంచుకొన్న పాఠకురాండ్రను దృష్టిలో ఉంచుకొని రాసినది. అందులో ఫూల్‌మణి భక్తురాలైన గృహిణి. కరుణ కర్తవ్యాన్ని విస్మరించిన స్త్రీ. మొదటి పరిచయంలోనే ఎవరు ఆదర్శమో, ఎవరు మారవలసినవారో తేలిపోతుంది. పుత్రశోకం అనంతరం కరుణ పరివర్తన చెందుతుంది. అటువంటి పాఠకులకు ఈ ముగింపు ముందే తెలుసు. తెలిసినందువల్ల ఊరట లభిస్తుంది, నిజమే. అయితే తల్లి మనసు మారడానికి బిడ్డ మరణం ఒక మెట్టు మాత్రమేనా అని అడిగే అవకాశం సన్నగిల్లుతుంది.

నా వంతు వచ్చినప్పుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ తొలి పుట చదివాను. 1880లో గ్రంథరూపంలో వచ్చిన ఆ నవలకు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అన్న సంగతి సుప్రసిద్ధమే. గోల్డ్‌స్మిత్ కథ ఒక క్రైస్తవ మతాచార్యుడు గృహస్థ జీవితంపై వెలిబుచ్చే అభిప్రాయంతో మొదలవుతుంది. పంతులుగారి కథ గోదావరీ తీరంలోని ధవళగిరి వర్ణనతో మొదలవుతుంది. గృహస్థుని కష్టసుఖాలు రెండింటికీ సామాన్యమే. కాని ద్వారం మారింది. మరల 1887లో హచిన్సన్ అనే మిషనరీ చేసిన ‘రాజశేఖర చరిత్రము’ ఆంగ్లానువాదం ‘ఫార్చ్యూన్స్ వీల్’ అనే పేరుతో వెలువడింది. మతాచార్యుని ఇంటి కథ తెలుగు ఇంటి కథయై, తిరిగి ఒక మతప్రచారకుని చేతికి చేరింది. ఒక సమాజానికి చెందిన కథ మరొక సమాజంలోకి ప్రవేశించాలంటే దాని ఆరంభమే ముందుగా మారవలసి వచ్చిందన్న మాట గోష్ఠిలో అందరికీ నచ్చింది.

తరువాత విశ్రాంత ఉద్యోగి ఒకరు టాల్‌స్టాయ్ 1899లో ప్రచురించిన ‘పునరుత్థానం’ ఆరంభాన్ని వినిపించారు. క్షమకు లెక్క ఉండరాదని బోధించే సువార్త వాక్యాలను ఆ నవల శిరసున ధరించింది. మనుష్యులు నేలను ఎంత వికృతం చేసినా నగరంలోకి వసంతం రావడం, ఆ వసంత ప్రభాతాన ఒక స్త్రీని చెరసాల నుండి న్యాయస్థానానికి నడిపించుకొనిపోవడం తొలి దృశ్యాలు. ఆమె కత్యూష. ఆమె బ్రతుకు పాడుచేసిన నెఖ్ల్యూదోవ్ ప్రభువే ఆనాడు జ్యూరీలో కూర్చుంటాడు. ఇంత వినగానే సంభాషణ అతని వైపు మళ్లింది. అతడు పశ్చాత్తపిస్తాడనీ, క్షమాపణ పొందుతాడనీ, నవల పేరే అందుకు సాక్ష్యమనీ ఒకరి తరువాత ఒకరు సంతోషంతో పలికారు. నేనూ తల ఊపాను.

అంతవరకు మౌనంగా ఉన్న ఒక వృద్ధురాలు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించినావిడ, మెల్లగా అన్నారు: “ఆయన మారతాడంటే సంతోషమేనండీ. మరి ఆ పిల్ల సంగతేమిటి? పుస్తకం ఆమెతోనే మొదలైందని ఇప్పుడేగా విన్నాం. ఆమె క్షమిస్తుందో లేదో మనలో ఒక్కరూ అడగలేదే!”

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు సిగ్గు కలిగింది. కార్యాలయంలో అర్జీ మొదటి వాక్యం చూడగానే ఇది ఈ కోవకు చెందినదని నిర్ణయించి, సిద్ధంగా ఉన్న సమాధానాన్ని పంపిన సందర్భాలు జ్ఞాపకం వచ్చాయి. అర్జీదారు వేరు, ఆ కోవ వేరు. ముగింపు తెలుసునన్న ధీమాయే నన్ను వినకుండా చేసింది. ఈ దోషం ఏ ఒక్క మతానిదీ కాదు. కర్మఫలమని సరిపెట్టుకొనేవారిలోనూ, చరిత్ర గమనమని తేల్చివేసేవారిలోనూ అది సమానంగా ఉంటుంది.

టాల్‌స్టాయ్ మాత్రం ఆ తొందరకు లోబడలేదు. నెఖ్ల్యూదోవ్ వివాహం చేసుకొంటాననగా కత్యూష నిరాకరిస్తుంది. చివరకు మరొకరితో జీవితాన్ని ఎంచుకొంటుంది. ఒకని పశ్చాత్తాపం పూర్తి కావడానికి ఆమె సాధనం కావడాన్ని రచయిత అంగీకరించలేదు. దైవం క్షమించినా, అన్యాయానికి గురియైన మనిషికి స్వంత మాట ఒకటి మిగిలే ఉంటుందన్నది అందులోని ధర్మసూక్ష్మం.

నవలల ఆరంభాలను మాత్రమే చదువుకోవడం పైపై విలాసమని కొందరు ఆక్షేపించవచ్చు. వాటిని బట్టి గ్రంథానికి విలువ కట్టినట్లయితే ఆ ఆక్షేపణ సమంజసమే. కాని ఆరంభం దగ్గర ఆగడం మరొక అభ్యాసం కూడా కాగలదు. అక్కడ ఇంకా ఎవరూ పాపి కారు, పుణ్యాత్ముడూ కారు. మన ఎదుట ఒక మనిషి ఉన్నాడు, అంతే. ఆ ఒక్క క్షణం తీర్పును నిలిపి ఉంచగలిగితే, సమాన విశ్వాసం గలవారి గోష్ఠి ఆ విశ్వాసాన్ని కోల్పోదు. మరింత లోతుగా పరీక్షించుకొంటుంది. ఆ పరీక్షకు నావంటి అతిథి ఒకడు ఉండటం మేలు చేయవచ్చు. అయితే నేను కూడా అందరితో పాటు తల ఊపినవాడినే గనుక, అతిథి ఉన్నంత మాత్రాన అది సిద్ధించదు.

ఆ రాత్రి ఇంటికి చేరి ‘పునరుత్థానం’ మరల తెరిచాను. ఈసారి వసంతాన్ని దాటి, చెరసాల తలుపు దగ్గర నిలిచి, బయటికి వస్తున్న స్త్రీని ముందు చూశాను.