టోక్యో నడిబొడ్డున కర్పూర చెట్లు



డ్యూటీకి బయల్దేరే ముందో, రాత్రి రూముకి చేరాకో, ఓ ఐదు నిమిషాలు తీరిక చేసుకుని ఈ నాలుగు మాటలు చదవండి.

ఇవాళ జపాన్ దాకా వెళ్ళొద్దాం. టోక్యోలో హరజుకు అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. ఒక పక్క ఇసుక వేస్తే రాలనంత జనం, బట్టల షాపులు. రెండో పక్క దట్టమైన అడవి. ఆ అడవి మధ్యలో ఉంది మేజీ జింగూ అనే షింటో ఆలయం. మేజీ చక్రవర్తినీ, ఆయన భార్య షోకెన్ మహారాణినీ అక్కడ దైవాలుగా కొలుస్తారు. 1920లో వెలిసింది.

"పరాయివాళ్ళ గుడి కదా, మనం దండం పెట్టొచ్చా?" అని కొందరికి సందేహం. ఒకరింటికి వెళ్తే ఆ ఇంటి పెద్దలకు నమస్కారం పెట్టమా? ఇదీ అంతే. మన ఇలవేల్పు మన గుండెలోనే ఉంటాడు, దానికి అలగడు.

పెద్ద చెక్క ద్వారం దగ్గర తలవంచి లోపలికి వెళ్ళాలి. నడిమి దారి దేవుడిదట, అందుకే పక్కగా నడుస్తారు. నీళ్ళ తొట్టి దగ్గర గరిటెతో ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలిస్తారు. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. మన ఊళ్ళో కాళ్ళు కడుక్కుని గంట కొట్టడం గుర్తు రావట్లేదూ?

అసలు సంగతి ఆ అడవిది. అది దానంతట అది పుట్టింది కాదు, మనుషులు నాటింది. దేశం నలుమూలల నుంచి జనం దాదాపు లక్ష మొక్కలు కానుకగా పంపారు. లక్షమందికి పైగా యువకులు స్వచ్ఛందంగా వచ్చి మట్టి మోశారు, గుంతలు తవ్వారు. 100, 150 ఏళ్ళ తర్వాత అడవి ఎలా ఉండాలో ముందే లెక్క వేసుకున్నారు. అంటే ఆ లెక్క వేసినవాళ్ళకీ తెలుసు, గుంత తవ్వినవాళ్ళకీ తెలుసు: పెరిగిన అడవిని తాము చూడబోమని. అయినా నాటారు.

అన్నా, తమ్ముడూ, అక్కా, చెల్లీ... మీరు చేస్తున్నదీ ఇదే కదా? బిడ్డ మొదటి అడుగు వీడియో కాల్‌లో చూశారు. అమ్మ కంటి ఆపరేషన్‌కి డబ్బు వెళ్ళింది, మీరు వెళ్ళలేకపోయారు. "నా బతుకంతా ఇంతేనా" అని రాత్రి పక్క మీద అనుకునే ఉంటారు. ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చెయ్యమని గీతలో పరమాత్మ చెప్పింది మీలాంటి వాళ్ళ గురించే. మీ చెమట వృథా కాదు.

కానీ ఒక్క మాట. అప్పటి ప్రధానమంత్రి ఒకుమా షిగెనొబు, పేరున్న పాత ఆలయాల్లో లాగా ఠీవిగా సుగి చెట్లే పెట్టాలన్నారు. హోండా సెయిరోకు అనే అడవుల పండితుడు, ఆయనతో ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరి పొగకి, ఈ నేలకి అవి నిలవవు, ఇక్కడ బతికే చెట్లే పెడదామన్నారు. అలా కర్పూర చెట్లూ, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మరికొన్ని చెట్లూ వచ్చాయి. మనమూ ఆలోచించాలి. పంపే డబ్బు ఊళ్ళో గొప్ప కోసం అప్పు చేసి కట్టే మేడకి పోతోందా, పిల్లల చదువుకీ మన ఆరోగ్యానికీ పోతోందా? చూడ్డానికి గొప్పగా ఉన్నదల్లా వేరు పట్టదు.

గుడి దగ్గర రెండు పెద్ద కర్పూర చెట్లున్నాయి, వాటిని కలిపి తాడు కట్టి ఉంటుంది. ఆలుమగల చెట్లంటారు. మనం హారతికి వెలిగించే కర్పూరాన్ని ఆ జాతి చెట్టు నుంచి కూడా తీసేవారు. రెండు చెట్లు, వేర్వేరు మొదళ్ళు, ఒకే తాడు. దూరంలో ఉన్న మీ జంటని కట్టి ఉంచే తాడు డబ్బొక్కటే కాదండీ, మాట కూడా.

1945లో బాంబు దాడిలో ఆ ఆలయం కాలిపోయింది. 1958లో మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ్టికీ దారి మీద రాలిన ఆకుల్ని ఊడ్చేవాళ్ళు వాటిని పారెయ్యరు, తిరిగి చెట్ల కిందకే చేరుస్తారు. అదే అడవికి ఎరువు. చీపురు పట్టిన చెయ్యే ఆ అడవిని పోషిస్తోంది. క్లీనింగ్ పని చేస్తున్నామని చిన్నబుచ్చుకునే వాళ్ళు ఇది మర్చిపోకండి.

ఇవాళ ఒక్క పని చేయండి. ఇంటికి ఫోన్ చేసి, డబ్బు ఊసెత్తకుండా, "తిన్నావా? ఎలా ఉన్నావు?" అని అడగండి. ఆ రోజుకి అదే మీ హారతి.

మీతో పనిచేసే మనవాళ్ళకి కూడా పంపండి. 🪔

శుభం భూయాత్ 🙏